బొట్టు పెట్టి పిలవని గడప: వరంగల్ పల్లెల్లో వితంతు వివక్ష, స్వచ్ఛంద సంస్థల పని

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి పిలుపు నోటిమాటతో పూర్తి కాదు. పెళ్లివారి ఇంటి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి కుంకుమ భరిణె పట్టుకొని గడప గడపకూ వెళ్లి, ఆ ఇంటి ఆడమనిషికి బొట్టు పెట్టి, తప్పకుండా రావాలని చెబితేనే అది పిలుపు. ఎవరైనా బెట్టు చేస్తే "బొట్టు పెట్టి పిలవాల్నా?" అని అడిగేది ఇందుకే. అదే వాడలో భర్త చనిపోయిన స్త్రీ ఇంటి ముందుకు వచ్చేసరికి భరిణె మూత పడుతుంది. పలకరింపు ఉంటుంది, ఫలానా నాడు పెళ్లి అని చెవిన వేయడం ఉంటుంది, ఒక్కోసారి శుభలేఖ కూడా చేతికి అందుతుంది. చేయి మాత్రం నుదుటి దాకా రాదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, తలుపు మూయలేదు. అయినా ఊరి లెక్కలో ఆమె ఒక మెట్టు కిందికి దిగిందన్న సంగతి ఆమెకు తెలుసు, పిలవడానికి వచ్చినవాళ్లకు తెలుసు, గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆమె కూతురికీ తెలుసు.

సామాజిక న్యాయం కోసం, ఎవరినీ వెలిగా ఉంచని ఊరి కోసం పనిచేస్తున్నామని చెప్పే స్వచ్ఛంద సంస్థల పనిని అంచనా వేయడానికి ఈ మూసిన భరిణె మంచి కొలత. వెలి అన్నది అందరి విషయంలో ఒకే తీరుగా ఉండదు. దళితుల మీద జరిగే అవమానానికీ దాడికీ 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. వికలాంగులకు 2016 చట్టం, ట్రాన్స్‌జెండర్లకు 2019 చట్టం ఉన్నాయి. ఇవి ఎంతవరకు అమలవుతున్నాయన్నది వేరే చర్చ, కానీ ఫిర్యాదు పట్టుకొని పోవడానికి ఒక గుమ్మమంటూ ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 4 కోట్లకు పైగా స్త్రీలు భర్తను కోల్పోయినవారు. వారిని శుభకార్యాల నుంచి పక్కన పెట్టడాన్ని ప్రత్యేకంగా నేరమని చెప్పే కేంద్ర చట్టం ఏదీ లేదు. కాబట్టి ఈ విషయంలో పోలీసు స్టేషన్ ముందు ధర్నా చేసే సంస్థ కన్నా, ఆ ఇంటి అరుగు మీద కూర్చోగలిగే సంస్థ అవసరం ఎక్కువ.

వరంగల్ ప్రాంతంలో ఈ పనికి సంబంధించి ముందుగా వినిపించే పేరు బాల వికాస. బాల థెరిసా, కెనడాకు చెందిన ఆమె భర్త ఆండ్రె జింగ్రాస్ కలిసి 1991లో దీన్ని ప్రారంభించారు. తాగునీరు, మహిళా సంఘాలు, తల్లిదండ్రులు లేని పిల్లల చదువు వంటి పనుల మీదుగా ఈ సంస్థ పల్లెల్లోకి వెళ్లింది. గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో ప్రతి పనికీ ఒక కమిటీ వేసుకొని ఊరివాళ్లే నడుపుకోవడం, నీటి శుద్ధి కేంద్రాన్ని తామే చూసుకోవడం దేశంలో చాలామందికి తెలిసిన కథ. వితంతువుల గౌరవం కోసం ఈ సంస్థ చేస్తున్న ప్రచారం ఈ పునాది మీద నిలిచినదే. ఈ వరుస ముఖ్యం. చావు ఇంట్లో ఏ ఆచారం ఉండాలి, ఏది పోవాలి అన్న మాటను ఊరు కొత్తవాళ్ల నోట వినదు. బోరు వేయించిన రోజు నుంచి తెలిసిన మనిషి చెబితే, ఒప్పుకోకపోయినా కనీసం కూర్చోమంటుంది.

ఈ ప్రాంతంలోనే ఈ పని ఎందుకు పెరిగిందన్నదానికి పత్తి చేను సగం జవాబు చెబుతుంది. 1997–98 పంటకాలంలో పురుగు పత్తిని ఊడ్చేసినప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలో రైతులు వరుసగా మందు తాగి చనిపోయారు. రైతు ఆత్మహత్య అన్న మాట దేశమంతటా పత్రికల్లోకి ఎక్కడానికి ఆ ఏడాది ఒక ముఖ్య కారణం. చనిపోయిన రైతు గురించి చాలా రాశారు. అతని వెనుక మిగిలిన మనిషి గురించి రాసింది తక్కువ. ఆమె చాలాసార్లు ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషి, బడికి పోయే పిల్లల తల్లి, భర్త ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో పూర్తిగా తెలియకుండానే ఆ అప్పుకు జవాబుదారీ అయిన మనిషి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు పోతే ఇదే కథలో పత్తి స్థానంలో గల్ఫ్ ఉంటుంది. అక్కడ భార్య శవపేటిక కోసం వారాల తరబడి ఎదురుచూసి, ఆ తర్వాత వీసా అప్పు లెక్కతో మిగులుతుంది.

తెలుగునాట వితంతువుల సంస్కరణ అనగానే అందరికీ కందుకూరి వీరేశలింగం, 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహం గుర్తుకొస్తాయి. అది గొప్ప పని. అయితే అది ప్రధానంగా పునర్వివాహం పూర్తిగా నిషిద్ధమైన పై కులాల సమస్యకు సమాధానం. ఉత్తర తెలంగాణలో సేద్యం, చేతివృత్తులు చేసుకునే అనేక కులాల్లో మారుమనువు ఎప్పటి నుంచో ఉన్నదే, పెద్దమనుషుల ముందు జరిగేదే. అయినా అదే కులాల్లో భర్త చనిపోయిన స్త్రీ పసుపు దంచే రోలు దగ్గరికి రాకూడదు, పెళ్లికి తెచ్చే ఐరేని కుండలు ముట్టకూడదు, పొద్దున్నే పనికి బయలుదేరినవాళ్లకు ఎదురు రాకూడదు. కాబట్టి ఇక్కడ అసలు ప్రశ్న ఆమె మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా లేదా అన్నది కాదు. పెళ్లి చేసుకోకుండానే, పిల్లలను పెంచుకుంటూ, అదే ఊళ్లో, అదే ఇంట్లో నిండు మనిషిగా బతకవచ్చా అన్నది. ఆమె మీద "తోడు లేని ఆడది" అన్న జాలి చూపించి సంబంధాలు వెతికే సంస్కరణ ఈ ప్రశ్నను పట్టించుకోదు.

ఆచారానికి కేంద్రం, చావు తర్వాత వచ్చే దినాల రోజు. కులాన్ని బట్టి అది తొమ్మిదో రోజో, పదకొండో రోజో కావచ్చు. తెల్లవారకముందే ఆమెను చెరువు గట్టుకో బావి దగ్గరికో తీసుకుపోతారు. తీసుకుపోయేవాళ్లు కూడా భర్తలు లేనివాళ్లే. ముత్తైదువలు చూడకూడదని వాళ్లను ఇళ్లలోనే ఉండమంటారు. ఆ రోజు కోసం ఆమెకు నుదుటి నిండా కుంకుమ, తలనిండా పూలు, చేతుల నిండా కొత్త గాజులు. ఆ అలంకరణ మొత్తం తీసేయడం కోసం చేసిందే. గాజుల మీద గాజులు కొట్టి పగలగొడతారు, పుస్తె తెంపుతారు, మట్టెలు తీస్తారు, తడిచేత్తో బొట్టు తుడుస్తారు. పగిలిన గాజుముక్క మణికట్టు మీద గీసుకుపోతే ఆ గీత మానడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇది చేసే చేతులు కూడా ఒకప్పుడు ఇలాగే గాజులు పగలగొట్టించుకున్న చేతులు. వాళ్లలో చాలామంది ఏడుస్తూనే చేస్తారు, చేయకపోతే ఆ ఇంటికి ఏదో అరిష్టం తగులుతుందన్న భయంతో చేస్తారు. అత్తను దుర్మార్గురాలిగానో, ఊరివాళ్లను మూర్ఖులుగానో చూపించి ఈ ఆచారాన్ని వివరించడం సులువే కానీ, ఆ వివరణతో ఏ ఊళ్లోనూ ఒక్క గాజు కూడా మిగల్లేదు.

అదే రోజు మధ్యాహ్నం జరిగే మరో సంగతి మీద సంస్థలు ఆలస్యంగా దృష్టి పెట్టాయి. దినాలకు చుట్టాలందరూ వస్తారు, అప్పులిచ్చినవాళ్లు వస్తారు, కులపెద్దలు వస్తారు. భోజనాలయ్యాక వేపచెట్టు కిందనో పందిరి కిందనో కూర్చొని అప్పెంత, పొలమెంత, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి అన్నది మాట్లాడతారు. భూమి గురించి నిర్ణయం మొదటిసారి నోట వెలువడేది ఆ కూర్చున్నచోటే. ఆ మాట నడుస్తున్నంతసేపూ ఆమె లోపలి గదిలో మూలకు కూర్చొని ఉంటుంది. ఎవరికీ ముఖం చూపించకూడదు. ఆచారం వేరు, ఆస్తి వేరు అనుకునే పరిశీలకుడికి కనిపించనిది ఈ ముడి. పొద్దున చెరువు గట్టున తీసేసిన బొట్టు, మధ్యాహ్నం పందిరి కింద తీసేసిన మాట ఒకే పనిలో రెండు భాగాలు. మూలకు కూర్చోబెట్టిన మనిషిని వాటా అడగనివ్వరు. ఈ వ్యాసం నిలబడేది ఈ ఒక్క గమనింపు మీద. గౌరవం కోసం సభలు పెట్టి కాగితాలను వదిలేసిన సంస్థ సగం పనే చేస్తుంది. కాగితాలు నింపి పెట్టి ఆచారం జోలికి పోని సంస్థదీ సగం పనే.

కాగితాల పని ఎంత ఉంటుందో బయటివాళ్లకు అంత తెలియదు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలన్నది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెప్పే నియమం. ఆ ఇరవై ఒక్క రోజుల్లో సగం దినాలతోనే గడుస్తాయి, మిగతా సగంలో ఆమె గడప దాటకూడదు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన రైతు బీమా కింద 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు అందాలి. వ్యవసాయ విస్తరణ అధికారికి మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం ఇవ్వాలి. రైతు కుటుంబానికి ఇంత త్వరగా డబ్బు చేరే పథకాలు తక్కువ, అది నిజంగా మేలు చేసింది. అయితే నామినీగా భార్య పేరు ఉంటే ఆ 5 లక్షలు ఆమె ఖాతాలో పడిన రోజు నుంచే అప్పులవాళ్లు, బావలు, మరుదులు ఆ డబ్బును తమదిగా లెక్కపెట్టడం మొదలవుతుంది. భార్య పేరుకు బదులు తల్లి పేరో అన్న పేరో ఉంటే ఆమె దాకా ఏదీ రాదు. పట్టా లేని కౌలు రైతు చనిపోతే ఈ పథకం అసలు వర్తించదు. పత్తి వేసి అప్పులపాలైనవారిలో కౌలుకు చేసినవారు ఎందరో ఉన్న జిల్లాలో ఇది చిన్న లోటు కాదు.

రైతు ఆత్మహత్య అయితే దారి ఇంకా పొడుగు. 2004లో వచ్చిన 421 నంబరు ఉత్తర్వు లక్షన్నర రూపాయల పరిహారాన్ని నిర్ణయించింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 6 లక్షలకు పెంచింది. అది అందాలంటే రెవెన్యూ డివిజనల్ అధికారి, పోలీసు డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు ఉన్న కమిటీ ఆ మరణం సాగు అప్పుల వల్ల జరిగిందని ఒప్పుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కావాలి, పోస్టుమార్టం నివేదిక కావాలి, అప్పు పత్రాలు కావాలి. పల్లెలో అప్పు చాలావరకు ప్రామిసరీ నోటు మీదనో, పురుగుమందుల దుకాణం వాడి చిట్టాలోనో ఉంటుంది. ఆ నోటు ఎవరి దగ్గరుందో ఆమెకు తెలియదు, ఉన్నవాడు బయటపెట్టడానికి జంకుతాడు.

భూమి విషయంలో చట్టం ఆమె పక్షానే ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త స్వంత ఆస్తిలో భార్య, కొడుకులు, కూతుళ్లు, భర్త తల్లి అందరూ మొదటి తరగతి వారసులు. ఇద్దరు పిల్లలున్న స్త్రీ భర్త పేరిట నాలుగెకరాలుండి, అత్త బతికి ఉంటే, నలుగురికీ ఎకరం చొప్పున వస్తుంది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇవ్వడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే ముందడుగు వేసింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. చిక్కంతా ఆ నాలుగెకరాలు ఎవరి పేరిట ఉన్నాయన్న దగ్గర. తాత పేరు మీదనో మామ పేరు మీదనో ఉన్న పాసు పుస్తకం అలాగే ఉండగా కొడుకు చనిపోతే, రికార్డులో అతనికి భూమే లేదు; విరాసత్, అంటే వారసుల పేరిట మార్పు, చేయడానికి ఏమీ కనిపించదు, రైతు బీమాకూ అర్హత లేదు. వితంతు కోడలి పోషణ గురించి 1956 నాటి దత్తత, పోషణ చట్టం మామకు బాధ్యత పెడుతుంది. భర్తతో కాపురమున్న ఇంట్లో ఉండే హక్కును 2005 గృహహింస చట్టం ఇస్తుంది. ఈ రెండు సంగతులూ పందిరి కింద కూర్చున్న పెద్దమనుషుల్లో ఎవరూ ఎత్తరు. మహబూబాబాద్, ములుగు వైపు లంబాడా, కోయ కుటుంబాల్లో పరిస్థితి వేరు. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు, తెగ ఆచారమే అక్కడ చట్టం. వరంగల్‌లో పనికొచ్చిన కరపత్రాన్ని గూడూరు తండాలో పంచితే తప్పుదారి పట్టించినట్టవుతుంది.

హక్కుల మీద జరిగే సభల్లో ఎప్పుడూ వినిపించని ఒక అడ్డంకి పేరులోని అక్షరం. కొమురవెల్లి మల్లన్న పేరు పెట్టుకున్నవాళ్లు ఈ జిల్లాల్లో ఎందరో. అదే మనిషి ఆధార్‌లో కొమురయ్య, పాసు పుస్తకంలో కొమ్రయ్య, మరణ ధ్రువపత్రంలో కొంరయ్య. ఊళ్లో ముగ్గురూ ఒకరేనని చిన్నపిల్లవాడికైనా తెలుసు. కంప్యూటర్ తెర మీద ముగ్గురు వేర్వేరు మనుషులు. దాన్ని సరిచేయడానికి నోటరీ అఫిడవిట్, పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణ, తహసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల పత్రం, మీసేవలో మళ్లీ దరఖాస్తు. 2016లో జిల్లాలు, మండలాలు విడిపోయినప్పుడు ఏ ఊరు ఏ ఆఫీసు కిందికి వచ్చిందో తెలుసుకోవడానికే కొన్ని బస్సు చార్జీలు అయిపోయాయి. తర్వాత భూమి రికార్డుల కోసం ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. ప్రతి మార్పుకూ కొత్త ఫారం. భర్త బతికున్నప్పుడు మండల కార్యాలయం మెట్లెక్కని స్త్రీ ఏడాదిలో ఎన్నిసార్లు ఎక్కిదిగాలో లెక్కేస్తే, సంస్థ కార్యకర్త ఆమె పక్కన కూర్చొని ఉండటమే ఒక సేవ అని అర్థమవుతుంది. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టం చెబుతుంది. హనుమకొండ కోర్టులో ఆ సహాయం ఇచ్చే గది ఎక్కడుందో చూపించి, తలుపు దాకా తోడు వెళ్లే మనిషి ఉన్నప్పుడే ఆ నియమానికి ప్రాణం.

మాటల ఎంపిక కూడా కాగితాల్లో చిక్కు తెచ్చింది. విధవ అన్నది తిట్టుగా మారిపోయింది. ముండ అన్న మాట సంగతి చెప్పక్కర్లేదు. వితంతువు అన్నది పుస్తకాల మాట. అందుకని కొన్ని సంస్థలు గౌరవంగా ఉంటుందని ఒంటరి మహిళ అనడం మొదలుపెట్టాయి. ఉద్దేశం మంచిదే. కానీ 2017 నుంచి తెలంగాణ పింఛన్లలో ఒంటరి మహిళ అన్నది వేరే విభాగం, భర్త వదిలేసినవారికీ పెళ్లి కానివారికీ ఉద్దేశించినది. వితంతు పింఛను వేరే. రెండింటి మొత్తం ఒకటే అయినా, 2014లో వెయ్యి రూపాయలతో మొదలైన ఆసరా వితంతు పింఛను 2019లో 2,016 అయినా, దరఖాస్తులో తప్పు గడిలో టిక్కు పడితే ఆ ఫైలు వెనక్కి వస్తుంది. గౌరవం కోసం మార్చిన మాట కడుపు మీద కొట్టకుండా చూసుకోవాల్సిన బాధ్యత ఆ మాటను పుట్టించినవారిదే.

ఇక ఆచారం వైపు చేసే పని. సంస్థలు పెట్టే సభల్లో భర్త ఉన్నవారు, లేనివారు కలిసి కూర్చొని ఒకరికొకరు బొట్టు పెట్టుకోవడం, పూలు, గాజులు ఇచ్చుకోవడం కనిపిస్తుంది. బయటి నుంచి చూసేవారికి ఇందులో ఒక అభ్యంతరం తోస్తుంది, అది కొట్టిపారేయదగ్గది కాదు: బొట్టునూ గాజునూ స్త్రీ విలువకు గుర్తుగా పెట్టిన వ్యవస్థనే కదా ఇది మళ్లీ బలపరుస్తున్నది, వీటితో సంబంధం లేకుండానే ఆమెకు విలువ ఉండాలి కదా అని. సంఘాల్లో దీనికి చెప్పే జవాబు పల్లె తర్కంలోంచి వచ్చింది. బొట్టు, పూలు, గాజులు పుట్టింటివి. చంటిపిల్లగా ఉన్నప్పుడే తల్లి పెట్టినవి. పెళ్లితో వచ్చినవి పుస్తె, మట్టెలు మాత్రమే. భర్తతో వచ్చినవి పోతే పోనీ, తల్లి ఇచ్చినవి తీసుకునే హక్కు ఎవరిచ్చారు? ఈ వాదన సిద్ధాంతపరంగా సంపూర్ణం కాకపోవచ్చు, కానీ ఒక అత్తను ఆలోచనలో పడేసే శక్తి దీనికి ఉంది, సిద్ధాంతానికి లేదు. కోరుకున్నవారు పెట్టుకోవడం, వద్దనుకున్నవారు మానుకోవడం వారి ఇష్టం మీద నడిచేంతవరకు ఈ పద్ధతిలో తప్పేమీ కనిపించదు. వేదిక మీద కెమెరా ముందు, ఇష్టం ఉన్నా లేకున్నా అందరి నుదుటా కుంకుమ అద్దే తంతుగా మారితే మాత్రం అది ఇంకో రకం బలవంతమే అవుతుంది. వేదిక మీద బొట్టు పెట్టించుకున్న స్త్రీ ఇంటికి చేరేలోపే చెరిపేసుకోవడం కార్యకర్తలందరికీ తెలిసిన విషయం. అందుకే ఒక్క సభకు పిలిచి వదిలేయడం కన్నా, అదే వాడలో పది మంది ఒకేసారి పెట్టుకొని బతుకమ్మ ఆటకు వెళ్లడం నిలబడుతుంది. పది మందిని ఎవరూ వేలెత్తి చూపలేరు.

2022 మే నెలలో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ గ్రామ పంచాయతీ, గాజులు పగలగొట్టడం వంటి ఆచారాలను మానుకోవాలని తీర్మానం చేసింది. రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలకు దాన్ని ఆదర్శంగా చూపింది. తీర్మానం బలం తీర్మానంలో లేదు, దినాల రోజు తెల్లవారుజామున ఆ ఇంటి ముందు ఎవరు నిలబడ్డారన్న దాంట్లో ఉంది. వరంగల్ వైపు బాగా నడిచే సంఘాలు ఈ పని తీర్మానం లేకుండానే చేస్తాయి. మరణం సంగతి తెలిసిన రోజే సంఘంలోని ఇద్దరు ముగ్గురు ఆ ఇంటికి పోతారు, అత్తతో, ఆడబిడ్డతో మాట్లాడతారు, దినాల దాకా వస్తూ పోతూ ఉంటారు. అదే రాకపోకల్లో ఆధార్ ఎక్కడుంది, పాసు పుస్తకం ఎవరి దగ్గరుంది, నామినీ ఎవరు అన్నది కూడా అడిగి తెలుసుకుంటారు. మధ్యాహ్నం పందిరి కింద మాట నడిచేటప్పుడు ఆమెను కూడా పిలవండని వీళ్లు ఒక్క మాట అంటే, చాలాచోట్ల పెద్దమనుషులు కాదనలేరు.

ఈ సంఘాలకు తమ లోపలే ఒక పరీక్ష ఉంది, అది కులం. భర్త లేకపోవడం అందరికీ ఒకటే అయినా, రెడ్డి ఇంటి వితంతువు, మాదిగ ఇంటి వితంతువు ఒకే చాప మీద కూర్చోవడం తేలిగ్గా జరగదు. మీటింగ్ ఎవరి ఇంటి ముందు పెడితే ఎవరు వస్తారు, చాయ్ ఎవరు పెడితే ఎవరు తాగుతారు అన్నది మొదటి నెలలోనే తేలిపోతుంది. ఇబ్బంది ఎందుకని ఎస్సీ వాడలో ఒక సంఘం, ఊళ్లో ఒక సంఘం పెట్టి లెక్క పూర్తి చేసుకోవడం సులువైన దారి, కొన్నిచోట్ల జరిగేదీ అదే. దీన్ని ఖండించాల్సిందే. హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి మీద అవగాహన కోసం ప్రతి నెలా 30న అధికారులు పల్లెల్లో పౌరహక్కుల దినం జరిపే రాష్ట్రంలో, సామాజిక న్యాయం పేరు పెట్టుకున్న సంస్థే రెండు చాపలు పరిస్తే ఇంక చెప్పేదేముంది? వంతులవారీగా అందరి ఇళ్లలో మీటింగ్ పెట్టి, ఏ ఇంట్లో పెడితే ఆ ఇంట్లోనే తినాలన్న నియమం మొదటి రోజే పెట్టుకున్న సంఘాల్లో ఒకరిద్దరు మానేస్తారు. మిగిలినవాళ్లు మాత్రం గట్టిగా మిగులుతారు.

సంస్థల చేతులు ఎంతవరకు సాగుతాయన్నది డబ్బు నియమాల మీద కూడా ఆధారపడి ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, విదేశీ నిధి పొందిన సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. పాలనా ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. పట్టణంలోని పెద్ద సంస్థ నిధి తెచ్చి మండల స్థాయిలోని చిన్న సంస్థ చేత పని చేయించే పాత పద్ధతికి ఇది తెర దించింది. ఊరి గుట్టు తెలిసింది మాత్రం ఆ చిన్న సంస్థకే. కంపెనీల సామాజిక బాధ్యత నిధి మరో దారి: 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు చేయాలి, అదీ తాము పనిచేసే చోటికి ప్రాధాన్యం ఇస్తూ. గోదావరిఖని, మందమర్రి వైపు సింగరేణి ఉంది, రామగుండంలో ఎన్టీపీసీ ఉంది. నర్సంపేటకు అలాంటి ఇరుగుపొరుగు లేదు. పైగా కంపెనీ నిధికి ఫోటో తీయగల వస్తువు కావాలి. కుట్టు మిషన్ పంచితే ఫోటో వస్తుంది, నీటి ట్యాంకు కడితే శిలాఫలకం వస్తుంది. చావు ఇంటి అరుగు మీద పదకొండు రోజులు కూర్చున్నదానికి ఫోటో లేదు, ఉండకూడదు కూడా. ఆ పనికి ఖర్చయ్యేది ఒక కార్యకర్త జీతం, బస్సు చార్జీ, ఫోన్ రీచార్జి. నివేదికలో అవి ఆఫీసు ఖర్చులా కనిపిస్తాయి, మొదటి కోత వాటి మీదే పడుతుంది.

ఆ కార్యకర్తల్లో కూడా ఎక్కువసార్లు కనిపించేది భర్తను కోల్పోయి, సంఘంలో నిలదొక్కుకొని, పక్క ఊళ్లకు పోయి మాట్లాడటం నేర్చుకున్న స్త్రీయే. ఆమె మాటకు వచ్చే విలువ శిక్షణ తరగతిలో వచ్చినది కాదు. మూడేళ్ల ప్రాజెక్టు ముగిసి ఆమె జీతం ఆగిపోయినప్పుడు, ఆమెకు పది ఊళ్లలో ఉన్న చనువు ఏ ఫైలులోనూ నిలవ ఉండదు. నిధి ఇచ్చేవారు ప్రాజెక్టు కాలాన్ని మూడేళ్లకు బదులు ఒక కూతురి పెళ్లి దాకా లెక్కపెట్టగలిగితే ఫలితం వేరుగా ఉంటుంది, ఎందుకంటే సంఘం పనికి అసలు పరీక్ష ఆ పెళ్లిలోనే వస్తుంది.

తండ్రి లేని పిల్ల పెళ్లిలో కన్యాదానం పీటల మీద ఎవరు కూర్చుంటారన్నది పాత ప్రశ్న. పెంచింది తల్లి, కూలికి పోయి బంగారం కొన్నది తల్లి, కానీ పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూర్చుంటారు. తల్లి పందిరి స్తంభం చాటున నిలబడుతుంది. అంతకుముందే శుభలేఖ అచ్చు వేయించేటప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. పైన కీర్తిశేషులు అని తండ్రి పేరు తప్పక వేస్తారు. కింద ఆహ్వానించువారు అన్న చోట బాబాయిలు, మేనమామల పేర్లు వరుసగా ఉంటాయి. తల్లి పేరు ఉండదు. సంఘం బలంగా ఉన్న ఊళ్లలో అచ్చు వేసే దుకాణం దాకా తోడు వెళ్లి, ఆ జాబితాలో మొదటి పేరు తల్లిదే రాయమని అడుగుతున్న స్త్రీలు ఉన్నారు. దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి ఒకసారి తలెత్తి చూస్తాడు, మరోసారి ఇంటిపేరు అడుగుతాడు, టైపు చేస్తాడు. దానికి అదనంగా పైసా ఖర్చు కాదు. పెళ్లికి వారం ముందు అదే తల్లి, చేతిలో కుంకుమ భరిణెతో, వాడలో ఒక్క గడపా వదలకుండా పిలవడానికి బయలుదేరుతుంది.